ఇండోర్‌లోని వెలుగు చక్రం



సింక్రోట్రాన్ అనే మాట వినగానే పేజీ తిప్పేయకండి. ట్రాక్టరు, ట్రాన్స్‌ఫార్మరు అనే మాటలు కూడా ఒకప్పుడు మన తాతలకు నోరు తిరగనివే. ఇది ఒక యంత్రం పేరు. ఆ యంత్రం చేసేది ఒక్కటే పని. వెలుగును పుట్టిస్తుంది. ఆ వెలుగులో బియ్యపు గింజ లోపల ఇనుము ఎక్కడ దాగి ఉందో చూడవచ్చు. ఎనిమిది వందల సంవత్సరాల క్రితం చెరిపివేసిన అక్షరాలను చదవవచ్చు. ఒక మందు బిళ్ల మన ఒంట్లోని క్రిమికి ఎక్కడ తగులుకుంటుందో కనిపెట్టవచ్చు. అట్టి యంత్రాలు ప్రపంచంలో కొన్ని పదులు మాత్రమే ఉన్నవి. మన దేశంలో అవి ఉన్న చోటు ఒక్కటే, మధ్యప్రదేశ్‌లోని ఇండోర్ పట్టణం.

వెలుగును గూర్చి కడియం వారికి ఎవరూ కొత్తగా పాఠం చెప్పనక్కరలేదు. కడియపులంకలో, బుర్రిలంకలో, వేమగిరిలో నర్సరీ నడుపుకొనే కుటుంబాలకు అది అన్నం పెట్టే విద్య. క్రోటన్‌కు ఎండ తగిలితేనే ఆకు రంగు తేలుతుంది. అదే ఎండ ఫెర్న్‌కు తగిలితే అంచులు మాడిపోతాయి. అందుకే దానిని షేడ్ నెట్ కింద పెడతారు. చామంతి అయితే రాత్రి ఎంత పొడవో లెక్క చూసుకొని మొగ్గ వేస్తుంది. రాత్రివేళ దీపం పెట్టి ఉంచితే మొగ్గ వేయక ఆకులతోనే ఎదుగుతుంది. ఏ మొక్కకు ఎంత వెలుగు, ఎంతసేపు అని ఇక్కడి పిల్లలు కూడా చెప్పగలరు.

శాస్త్రజ్ఞులు అడిగేది కూడా దాదాపు అదే ప్రశ్న. ఏ వస్తువును చూడటానికి ఏ వెలుగు కావాలి?

గోదావరిలో వల వేసేవారికి ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. వల కన్ను పెద్దదైతే చిన్న చేప జారిపోతుంది. వెలుగుకూ అలాంటి కన్ను ఉన్నది. దానిని అల పొడవు అంటారు. మన కంటికి కనిపించే వెలుగు అల, ఒక పరమాణువు కంటే కొన్ని వేల రెట్లు పెద్దది. అందుచేత ఎంత మంచి భూతద్దం పెట్టినా మామూలు వెలుగులో పరమాణువు కనబడదు. అది వలలో నుంచి జారిపోతుంది. ఎక్స్-రే కూడా ఒక విధమైన వెలుగే, కాని దాని అల పరమాణువంత చిన్నది. ఆ వలలో పరమాణువు చిక్కుతుంది.

ఎక్స్-రేను జర్మనీ దేశస్థుడైన రాంట్జెన్ 1895 నవంబరులో కనుగొన్నారు. అదే సంవత్సరం జనవరిలో మన భీమవరంలో యల్లాప్రగడ సుబ్బారావుగారు పుట్టారు. ఈ రెండు సంగతులకు సంబంధం ఏమీ లేదు గాని, ఒకే ఏడాది అని గుర్తుంచుకోండి. ఆయన మాట మళ్లీ వస్తుంది.

ఆసుపత్రిలో చెయ్యి విరిగినవారికి ఎక్స్-రే తీసే గొట్టం ఎముకను చూపడానికి చాలు. కాని ఒక చిన్న స్ఫటికం లోపల వేలాది పరమాణువులు ఎలా పేర్చి ఉన్నవో చూడాలంటే ఆ వెలుగు చాలదు. కోట్ల రెట్లు చిక్కని వెలుగు కావాలి. అది దొరికిన కథ వినదగినది.

1947 ఏప్రిల్ 24న అమెరికాలోని షెనెక్టడీ అనే ఊళ్లో, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ పరిశోధనశాలలో ఒక యంత్రం నడుస్తున్నది. ఎలక్ట్రాన్లు అనే అతి సూక్ష్మమైన విద్యుత్ కణాలను గుండ్రటి గొట్టంలో తిప్పి వేగం పెంచే యంత్రమది. దాని పేరే సింక్రోట్రాన్. దానిని వెలుగు కోసం కట్టలేదు. లోపల ఎక్కడో నిప్పురవ్వ లేస్తున్నదేమో చూడమని ఒక సాంకేతిక సహాయకునికి చెప్పారు. ఆయన కాంక్రీటు గోడ చాటున నిలబడి, అద్దం పెట్టి తొంగి చూస్తే గొట్టంలో ఒక మెరుపు చుక్క నిలకడగా వెలుగుతూ కనిపించింది. అది నిప్పురవ్వ కాదు, తిరుగుతున్న ఎలక్ట్రాన్లే ఆ వెలుగు విడుస్తున్నవి. మిగతా యంత్రాల గొట్టాలు లోహంతో మూసి ఉండగా దీని గొట్టం లోపలికి చూపు ఆనేది. అందుకే అది మొదట ఇక్కడ కంటబడింది.

శాస్త్రజ్ఞులకు మొదట ఆ వెలుగు ఒక నష్టంగానే తోచింది. కష్టపడి పెంచిన వేగం వెలుగు రూపంలో కారిపోతున్నదే అని బాధపడ్డారు. ఆ కారిపోయేదానినే పట్టుకొని వాడుకోవాలనే ఆలోచన నిలదొక్కుకోవడానికి ఏళ్లు పట్టింది. పొట్టును పారవేసి, తర్వాత దానిలోని తవుడు విలువ తెలుసుకున్నట్టు అనుకోండి.

తిరిగే ఎలక్ట్రాన్ ఎందుకు వెలుగు విడుస్తుంది? వానలో తడిసిన గొడుగును చేత పట్టుకొని గిర్రున తిప్పి చూడండి. చినుకులు గొడుగు చుట్టూ తిరగవు. అంచు నుంచి తిన్నగా ముందుకు దూకుతాయి. ఎలక్ట్రాన్ తిన్నగా పోతున్నంతసేపు ఏమీ కాదు. అయస్కాంతం దానిని మలుపు తిప్పగానే, ఆ మలుపు దగ్గర వెలుగు చినుకులా తిన్నగా బయటికి దూకుతుంది. ఆ వెలుగు బల్బు వెలుగులా అన్ని వైపులకు చెదరదు. సూదిమొనలా ఒకే దిక్కుకు పోతుంది. పది మీటర్ల దూరం పోయినా దాని మందం కొద్ది మిల్లీమీటర్లే. అందుకే అది అంత చిక్కన.

ఇక ఇండోర్‌కు వద్దాం. 1984 ఫిబ్రవరి 19న అప్పటి రాష్ట్రపతి జ్ఞానీ జైల్ సింగ్ గారు అక్కడ ఒక పరిశోధన కేంద్రానికి శంకుస్థాపన చేశారు. భారత అణుశక్తి శాఖ కిందిది. 2005 డిసెంబరులో దానికి రాజా రామన్న కేంద్రం అని పేరు పెట్టారు. రామన్నగారు కర్ణాటకకు చెందిన అణుశాస్త్రజ్ఞులు, పియానో వాయించడంలోనూ ఆరితేరినవారు. ఆ కేంద్రంలో రెండు వెలుగు చక్రాలు ఉన్నవి. చిన్నదాని పేరు ఇండస్-1. దాని చుట్టుకొలత 19 మీటర్ల లోపే. అది 1999లో వెలిగింది. పెద్దదాని పేరు ఇండస్-2. చుట్టుకొలత 172 మీటర్లు దాటుతుంది. దానిని 2005 డిసెంబరులోనే అప్పటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ గారు జాతికి అంకితం చేశారు. 2010 నుంచి అది రాత్రింబవళ్లు నడిచే పద్ధతికి వచ్చింది.

ఎలక్ట్రాన్‌ను ఒక్కసారిగా ఆ పెద్ద చక్రంలోకి తోయరు. కడియంలో మొక్కను పెంచినట్టే పెంచుతారు. విత్తనాన్ని ట్రేలో మొలిపించి, కవరులోకి మార్చి, గట్టిపడ్డాక నేలలో నాటుతాము గదా. అక్కడ మైక్రోట్రాన్ అనే చిన్న యంత్రం ట్రే వంటిది. అది ఎలక్ట్రాన్‌కు 2 కోట్ల వోల్టుల శక్తి ఇస్తుంది. బూస్టర్ అనే రెండవ యంత్రం కవరు వంటిది. అక్కడ ఆ శక్తి 55 కోట్లకు పెరుగుతుంది. అప్పుడు ఇండస్-2లోకి మార్చి 250 కోట్ల వోల్టుల దాకా పెంచుతారు. అంత శక్తి వచ్చిన ఎలక్ట్రాన్ వేగం, వెలుగు వేగంలో 99.999998 శాతం. ఆ 172 మీటర్ల బాటను సెకనుకు 17 లక్షల సార్లకు పైగా చుట్టివస్తుంది. 16 పెద్ద అయస్కాంతాలు దానిని మలుపు తిప్పుతూ ఉంటాయి. ప్రతి మలుపులోనూ వెలుగు దూకుతుంది. ఆ వెలుగు దూకే దిక్కున గొట్టాలు అమర్చి, వాటి చివర గదులు కట్టి, గదికొక పరికరం పెట్టారు. ఒకే చక్రం చుట్టూ ఒకే సమయంలో ఎందరో వేర్వేరు పనులు చేసుకుంటారు. పెద్ద కాలువ నుంచి బోదెలు తీసి ఎవరి చేనుకు వారు నీరు పెట్టుకున్నట్టు ఉంటుంది.

ఎలక్ట్రాన్లు తిరిగే ఆ గొట్టంలో గాలి ఉండరాదు. ఉంటే గాలి కణాలకు కొట్టుకొని ఎలక్ట్రాన్లు చెదరిపోతాయి. అందుకని లోపలి గాలిని తోడివేస్తారు. మిగిలేది మనం పీల్చే గాలి ఒత్తిడిలో లక్ష కోట్ల వంతులలో ఒక వంతు ప్రాంతం. అంత ఖాళీ చేసిన గొట్టంలో కూడా ఎలక్ట్రాన్ల గుంపు గంటలు గడిచేకొద్దీ పలచబడుతుంది. మళ్లీ నింపుకోవాలి.

అణుశక్తి శాఖ అనగానే కొందరికి గుండె ఝల్లుమంటుంది. ఇది బాంబూ కాదు, విద్యుత్ కేంద్రమూ కాదు. ఇందులో యురేనియం ఇంధనం లేదు. కరెంటు తీసివేస్తే ఎలక్ట్రాన్లు ఆగుతాయి, వెలుగు ఆరిపోతుంది. నడుస్తున్నప్పుడు మాత్రం ఆ కిరణాలు ఒంటికి హాని చేస్తాయి. కనుక చక్రం చుట్టూ మందమైన కాంక్రీటు గోడలు ఉంటాయి. లోపల మనిషి ఉండగా యంత్రం మొదలు కాకుండా తలుపులకు తాళపు ఏర్పాట్లు ఉంటాయి.

ఇంతటి ఏర్పాటు చేసి చూసేది ఏమిటి? మన పళ్లెంలోని అన్నంతో మొదలుపెడదాం.

ఎక్స్-రే తగిలినప్పుడు ఇనుము ఒక విధమైన కిరణాన్ని, జింకు ఇంకొక విధమైన కిరణాన్ని తిరిగి విడుస్తుంది. ప్రతి మూలకానికీ దాని గుర్తు దానికే. చీకట్లో కూడా మల్లె ఇది, సంపెంగ ఇది అని వాసనను బట్టి చెప్పినట్టే. బియ్యపు గింజను పలచగా కోసి, సింక్రోట్రాన్ వెలుగును సూదిమొనంత చేసి గింజ అంతటా నడిపితే, ఇనుము ఎక్కడ, జింకు ఎక్కడ, మాంగనీసు ఎక్కడ అని రంగుల పటం తయారవుతుంది. పలు దేశాలలో అలా పటాలు తీశారు. ఇనుము చాలావరకు గింజ పైపొరలోను, మొలక వచ్చే మూలలోను ఉన్నది. తెల్లటి లోభాగంలో బహు స్వల్పం. జింకు మాత్రం కొంత లోపలికి కూడా పోయి ఉన్నది.

ఇప్పుడు మన మిల్లు సంగతి చూడండి. బియ్యం మల్లెపువ్వులా తెల్లగా ఉండాలని ఒకటికి రెండుసార్లు పాలిష్ పట్టిస్తాము. ఆ పాలిష్‌లో పోయే తవుడుతోనే ఇనుము పోతుంది. తవుడు గేదెకు పెడతాము. గేదె బలంగానే ఉంటుంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. దానికి బియ్యం ఒక్కటే కారణమని అనలేము. ఆకుకూర తక్కువ కావడం, కడుపులో నులిపురుగులు, వెంటవెంట కాన్పులు, అందరూ తిన్నాక మిగిలినది తినే అలవాటు, ఇవన్నీ కలిసి ఉన్నవి. కాని మూడు పూటలా అన్నమే ప్రధానంగా తినే ఇంట్లో గింజ లోపల ఏమున్నదన్నది చిన్న ప్రశ్న కాదు.

ఆ పటాలను చూసి మొక్కలను పెంచే శాస్త్రజ్ఞులు తమ దారి దిద్దుకున్నారు. ఇనుమును గింజ లోపలికి పంపగల వరిని తయారుచేయవచ్చునా అని ఆస్ట్రేలియాలో కొందరు ప్రయత్నించారు. ఒక జన్యువు పనిని పెంచినప్పుడు ఇనుము లోభాగంలోకి చేరిందని 2011లో సింక్రోట్రాన్ పటాల సాక్ష్యంతో ప్రకటించారు. మన హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ వేరే దారిలో, జన్యువును మార్చకుండా సంకరంతోనే జింకు ఎక్కువగా ఉండే డి.ఆర్.ఆర్. ధాన్ 45 అనే వరిని 2016లో విడుదల చేసింది. పాలిష్ పట్టిన తర్వాత కూడా అందులో పది లక్షల భాగాలకు 22 భాగాలకు పైగా జింకు ఉంటుంది. మామూలు రకాలలో పన్నెండు నుంచి పదహారు ఉంటే గొప్ప. 1982లో మన మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన స్వర్ణ రకం దిగుబడితో డెల్టా గాదెలను నింపింది. అప్పటి అవసరం గాదె నిండటం. ఇప్పుడు గింజ నిండటం కూడా చూస్తున్నారు.

ఈ మాట వచ్చింది కనుక ఒక పక్కమాట. రేషను బియ్యంలో ఈ మధ్య కొన్ని గింజలు వేరుగా కనిపిస్తున్నవని, ప్లాస్టిక్ బియ్యం కలిపారని చాలా ఊళ్లలో పుకారు పుట్టింది. కొందరు ఆ గింజలను ఏరి పారవేస్తున్నారు. అవి ప్లాస్టిక్ కాదు. బియ్యపు పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, విటమిన్ బి12 కలిపి గింజల ఆకారంలో అచ్చుపోసినవి. నూరు కిలోల బియ్యానికి ఒక కిలో చొప్పున కలిపారు. 2021 ఆగస్టు 15న ప్రధానమంత్రి ప్రకటించిన తర్వాత దశలవారీగా దేశమంతటా రేషనులోకి తెచ్చారు. ఏరి పారవేసే తల్లి, బిడ్డకు అక్కరకు వచ్చేదానినే పారవేస్తున్నది. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని పరిశోధనశాలలో తయారుచేసే విధానాన్ని 1945లో లోకానికి తెలిపిన బృందానికి నాయకుడు మన యల్లాప్రగడ సుబ్బారావుగారే. రాజమండ్రిలోనూ కొంతకాలం చదువుకొని, తన అన్నదమ్ములిద్దరిని స్ప్రూ అనే పేగుల జబ్బుకు పోగొట్టుకొని, అమెరికా వెళ్లి, అదే జబ్బుకు మందు కనుగొన్న మనిషి. 1948లో కన్నుమూశారు. సింక్రోట్రాన్ వెలుగు కంటబడి అప్పటికి ఏడాది దాటింది. దానితో ఏమి చేయవచ్చునో ఎవరికీ తెలియని కాలం అది. ఆయన బృందం కేన్సర్‌కు తెచ్చిన మందులు శరీరంలోని ఏ పదార్థానికి ఎలా తగులుకుంటాయో తర్వాతి తరం వారు ఎక్స్-రే సాయంతోనే కళ్లారా చూశారు.

మన పాఠకులకు ఆసక్తి కలిగించే మరొక సంగతి ఒక ప్రార్థన పుస్తకాన్ని గూర్చినది.

ఆర్కిమెడిస్ అనే గ్రీకు పండితుడు క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దం వాడు. ఆయన రచనలను పదవ శతాబ్దంలో తోలు పత్రాల మీద నకలు వ్రాశారు. ఆ రోజులలో తోలు బహు ఖరీదు. 1229లో ఒక క్రైస్తవ లేఖకుడు ఆ పత్రాలను గోకి, కడిగి, అడ్డంగా తిప్పి, వాటి మీద ప్రార్థనలు వ్రాసుకున్నాడు. ఆర్కిమెడిస్ అక్షరాలు కింద మరుగునపడ్డాయి. ఇరవయ్యవ శతాబ్దంలో ఎవరో దాని వెల పెంచాలని కొన్ని పుటల మీద బంగారు పూతతో పాతకాలపు బొమ్మల వంటివి వేశారు. అది శుద్ధ మోసం. దానితో ఆ పుటలలో ఉన్న కొద్ది జాడ కూడా పోయింది. 1998లో ఆ పుస్తకం వేలంలో 20 లక్షల డాలర్లకు అమ్ముడై, పరిశోధన కోసం బాల్టిమోర్ నగరంలోని ఒక మ్యూజియానికి చేరింది. ఫోటోలతో చాలా పుటలు చదివారు గాని, బంగారు బొమ్మల కిందివి చదవలేకపోయారు.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ సింక్రోట్రాన్‌లో ఊవే బెర్గ్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు, ఆకు వెలుగును ఆహారంగా మార్చుకొనే పనిలో లోహాల పాత్రను పరిశోధిస్తుండేవారు. 2003లో ఆయన ఒక పత్రికలో ఈ పుస్తకం గూర్చి చదువుతూ, పాత సిరాలో ఇనుము ఉంటుందన్న మాట దగ్గర ఆగారు. ఆకులో లోహం చూడగలిగితే తోలు మీద సిరాలోని ఇనుము చూడలేమా? 2005, 2006 సంవత్సరాలలో ఆ పుటలను సింక్రోట్రాన్ వెలుగు ముందు పెట్టారు. ఒక్కో పుటకు గంటల తరబడి పట్టింది. బంగారం కింద నుంచి, ప్రార్థనల కింద నుంచి, ఇనుప సిరా అక్షరాలు తెర మీద వరుసగా తేలివచ్చాయి. ఆ లేఖకుడు పుస్తకాన్ని పాడుచేశాడని తిట్టుకునేవారు ఉన్నారు. నాకు అలా అనిపించదు. ప్రార్థన పుస్తకం కనుకనే దానిని మఠాలలో భద్రంగా దాచారు. గణితం పుస్తకంగానే మిగిలి ఉంటే ఏనాడో ఏ పొయ్యిలోకో పోయేది. బంగారు బొమ్మలు వేసినవాని సంగతి వేరు.

2018లో అదే చోట ఇంకొక పుస్తకం చదివారు. గేలెన్ అనే పూర్వపు వైద్యుడు మందు మొక్కలను గూర్చి వ్రాసిన గ్రంథానికి సిరియా భాషలో ఆరవ శతాబ్దపు అనువాదం అది. దానిని చెరిపి పదకొండవ శతాబ్దంలో పైన కీర్తనలు వ్రాసుకున్నారు. కీర్తనల కింద మందు మొక్కల పేర్లు!

మందుల విషయంలో ఒక్క ఉదాహరణ చాలు. జ్వరానికి, దగ్గుకు ఊరి డాక్టరు వ్రాసే డాక్సీసైక్లిన్, ఎజిత్రోమైసిన్ వంటివి క్రిమి లోపలి రైబోజోమ్ అనే సూక్ష్మ యంత్రాన్ని స్తంభింపజేస్తాయి. ఆ యంత్రం ఆకారాన్ని సింక్రోట్రాన్ వెలుగులో చూసినందుకే చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్‌గారికి, ఇశ్రాయేలు దేశపు అదా యోనాత్ అమ్మగారికి, అమెరికాకు చెందిన థామస్ స్టైట్జ్‌గారికి 2009లో నోబెల్ బహుమానం వచ్చింది. యోనాత్ అమ్మగారు ఈ పని మొదలుపెట్టింది 1980 ప్రాంతంలో. ఇరవై ఏళ్లు. చాలామంది అది జరిగే పని కాదని నవ్వారు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు మాత్రం కథ వేగంగా నడిచింది. ఆ వైరస్‌కు ప్రాణమైన ఒక ఎంజైమ్ ఆకారాన్ని చైనా శాస్త్రజ్ఞులు షాంఘై సింక్రోట్రాన్‌లో చూసి, ఫిబ్రవరి మొదటివారానికే ప్రపంచమంతటికీ తెరిచిపెట్టారు.

పత్రికలలో ఇలాంటి వార్తలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. ఆకారం కనిపించినంత మాత్రాన మందు తయారైనట్టు కాదు. తాళం ఆకారం తెలిసింది, తాళంచెవి చేయాలి. చేసిన తాళంచెవులలో నూటికి తొంభై పైన పనికిరావు. ఫలానా యంత్రం ఫలానా జబ్బును నయం చేసిందని ఎవరైనా వ్రాస్తే నమ్మకండి.

ఇక ఖర్చు మాట. మా ఊరి డొంకరోడ్డు బాగుచేయడానికే డబ్బు లేదంటారు, ఇండోర్‌లో వెలుగు దేనికి అని అడిగేవారు ఉంటారు. అడగవలసిన ప్రశ్నే. రోడ్డు వేయకపోవడానికి ఇండస్-2 కారణం కాదని చెప్పి తప్పించుకోవచ్చు గాని, అది సగం జవాబు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఖర్చు ఎక్కువని అప్పటి దొరతనం వారూ వెనుకాడారు. కాటన్ దొరగారు పట్టుబట్టి కట్టించారు. అయితే కాలువ నీరు కొద్ది ఏళ్లలోనే చేనుకు వచ్చి కనిపించింది. ఈ వెలుగు ఫలితం అలా కనిపించదు. ఎక్కడో ఒక విద్యార్థి పరిశోధన పత్రంగా మొదలై, ఇంకొక దేశంలో మందుగానో విత్తనంగానో తేలి, మనకు చేరేసరికి దాని పుట్టుక ఎవరికీ గుర్తుండదు. అందుచేత నేను దానిని ఆనకట్టతో పోల్చి గొప్ప చేయను. కాని ఈ యంత్రం లేని దేశం పిల్లలు ప్రతి నమూనాను పెట్టెలో పెట్టుకొని పరదేశపు వాకిట నిలబడవలసి వస్తుంది. మనవారు జపాన్, జర్మనీ, ఇటలీ, ఫ్రాన్స్ దేశాల యంత్రాల దగ్గర అలా వంతు అడిగి పని చేసినవారే. ఇప్పటికీ కొన్ని పనులకు వెళ్లకతప్పదు. ఎందుకంటే మన ఇండస్-2 కంటే ఎంతో చిక్కని వెలుగునిచ్చేవి వచ్చాయి. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ పట్టణంలో 844 మీటర్ల చక్రాన్ని విప్పి, కొత్త అయస్కాంతాలతో మళ్లీ అమర్చి 2020 ఆగస్టులో తెరిచారు. దాని వెలుగు పాతదానికంటే దాదాపు నూరు రెట్లు చిక్కన.

మరొక చక్రం బైబిలు చదివేవారికి తెలిసిన నేల మీదే ఉన్నది. యొర్దాను దేశంలో, అమ్మాను పట్టణానికి వాయవ్యంగా, పూర్వపు గిలాదు కొండసీమలో అల్లాన్ అనే ఊరు ఉన్నది. గిలాదు గుగ్గిలం పేరు మీకు తెలుసు. అక్కడ 2017 మే 16న సెసమీ అనే సింక్రోట్రాన్‌ను యొర్దాను రాజుగారు ప్రారంభించారు. 133 మీటర్ల చక్రం. శక్తి మన ఇండస్-2 అంతే. జర్మనీలోని బెర్లిన్ నగరం వారు మూసివేసిన పాత యంత్రపు భాగాలను దానమివ్వగా ఆలోచన మొదలైంది. యొర్దాను, ఇశ్రాయేలు, పాలస్తీనా, ఇరాన్, పాకిస్తాన్, ఐగుప్తు, టర్కీ, సైప్రస్ కలిసి దానిని కట్టాయి. వీరిలో కొందరికి ఒకరి దేశంలో ఒకరు అడుగుపెట్టడానికే వీలు లేదు. అయినా ఒకే బల్ల చుట్టూ కూర్చుని లెక్కలు చూసుకున్నారు. దాని పనిలో పాలుపంచుకున్న ఇరాన్ శాస్త్రజ్ఞులు ఇద్దరు 2010లో తమ దేశంలోనే బాంబు దాడులలో చంపబడ్డారు. మిగిలినవారు పని మానలేదు. కరెంటు ఖర్చు భరించలేక యూరపు సమాజపు సాయంతో ఎండ నుంచి విద్యుత్తు తీసే పలకలు పెట్టుకొని, 2019 నుంచి దానితోనే చక్రం నడిపారు.

చివరగా, చదువుకునే పిల్లలున్న ఇళ్లకు. ఇలాంటి యంత్రం దగ్గర పని అంటే ఫిజిక్స్ పెద్ద చదువులు చదివినవారికే అనుకోకండి. బాటనీ, కెమిస్ట్రీ, వ్యవసాయ శాస్త్రం, పశువైద్యం చదివినవారికీ అక్కడ పని ఉంటుంది. సాధారణంగా విశ్వవిద్యాలయాల విద్యార్థులు తమ గురువుల ద్వారా ఫలానా నమూనా చూడాలని అర్జీ పంపుతారు. యోగ్యత చూసి సమయం కేటాయిస్తారు. ఫలితాన్ని అందరికీ తెలిసేలా ప్రచురించే పరిశోధనకు యంత్రపు కిరాయి ఉండదు. దొరికిన సమయం రాత్రివేళ అయినా మేలుకొని పని చేసుకోవాలి.

ఐ.టి.ఐ. చదివిన పిల్లలకూ దారి ఉన్నది. ఇండోర్ కేంద్రం ఫిట్టరు, ఎలక్ట్రీషియను, మెషినిస్టు వంటి పనులలో అప్రెంటిస్‌లను తీసుకుంటుంది. ప్రకటనలు వార్తాపత్రికలలోను, కేంద్రం వారి వెబ్‌సైటులోను వస్తాయి. ఇందాక గాలి తోడివేసిన గొట్టం అన్నాము గదా. 172 మీటర్ల ఆ బాటలో ఒక్క అతుకులో వెంట్రుకవాసి సందు మిగిలినా ఎలక్ట్రాన్లు నిలవవు, వెలుగు రాదు. ఆ అతుకు వేసేది వెల్డరు. అతుకు సరిగా కుదిరిందో లేదో హీలియం వాయువు చల్లి చూస్తారు. అది లోపలికి దూరిందంటే, మళ్లీ విప్పి మొదటి నుంచి వేయవలసిందే.